తొలి గుడ్డుకి ముందు రెండు వారాలు

(విజయవాడలో కోళ్ల రైతులు, పశువైద్య విద్యార్థులు కూర్చున్న ఒక సభలో, చాలా ఏళ్లు ఫారాల్లో తిరిగిన ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త దూరంగా పెట్టుకుంటాను. ఇన్నేళ్లు షెడ్లలో కోళ్ల గోలను మించి అరిచి అరిచి నా గొంతు మామూలుగానే పెద్దదైపోయింది.

పొద్దున ఇక్కడికి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. హనుమాన్ జంక్షన్ అవతల ఒక ఫారం నుంచి, ఒకావిడ. "డాక్టరు గారూ, నిన్న సాయంత్రం దాకా బాగా మేసిన కోడి పొద్దున చూస్తే బోనులో పక్కకి ఒరిగిపోయి ఉందండీ. కళ్లు చూస్తే హుషారుగానే ఉన్నాయి. మేత మూతి దగ్గర పెడితే తింటోంది. కాళ్లు మాత్రం నిలవడం లేదు. ఏమన్నా వైరస్సా?" అని. వయసెంతమ్మా అన్నాను. ఇరవై మూడు వారాలు అంది. గుడ్లు ఎలా ఉన్నాయంటే, తొంభై శాతం దగ్గరికి వచ్చిందండీ, మంచి బ్యాచ్ అంది. అప్పుడు ఇంకొక్క ప్రశ్న వేశాను. లేయర్ మేత ఎప్పుడు మొదలుపెట్టారు? అవతల కాసేపు మాట లేదు. "గుడ్లు బాగా కనపడ్డాకే పెట్టామండీ. గ్రోయర్ మేత ఇంకో పదిహేను బస్తాలు మిగిలిపోయి ఉంటేనూ..."

గ్రోయర్ అంటే పెరిగే పిల్లల మేత, లేయర్ అంటే గుడ్లు పెట్టే కోళ్ల మేత. ఆ పదిహేను బస్తాల సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు చిన్న లెక్క. ఒక మామూలు గుడ్డు పెంకు బరువు సుమారు 6 గ్రాములు. అందులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయే. అచ్చంగా కాల్షియం ఎంతంటే 2 గ్రాముల పైచిలుకు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కిలోన్నర లేయర్ కోడి ఒంట్లో, ఎముకలన్నీ కలిపినా ఉండే కాల్షియం సుమారు 20 గ్రాములే. అంటే రోజుకో గుడ్డు పెట్టే కోడి రోజూ తన ఒంట్లో ఉన్న కాల్షియంలో పదో వంతు బయట పడేసి, మళ్లీ తెచ్చుకుంటోంది. మనుషుల్లో పోల్చి చూడండి. ఒక ఆడమనిషి ఒంట్లో సుమారు కిలో కాల్షియం ఉంటుంది. ఆవిడ రోజూ 100 గ్రాముల చొప్పున వదిలేసి, తెల్లారేసరికి మళ్లీ నింపుకుంటే ఎలా ఉంటుందో అది మన కోడి చేసే పని. ఏడాదికి 300 గుడ్లు అనుకుంటే పెంకులే 1,800 గ్రాములు. తన ఒంటి బరువు కంటే ఎక్కువ రాయిని ఒక్క ఏడాదిలో బయటికి పంపిస్తుంది.

పెంకు కట్టే గంటల్లో దాని రక్తంలో ఉన్న కాల్షియం మొత్తం పావుగంట తిరక్కుండానే ఖాళీ అయిపోతుంది. ఖాళీ అయ్యే వేగంతోనే ఎక్కడి నుంచో వచ్చి నిండాలి. ఆ వచ్చే చోట్లు రెండే. ఒకటి పేగు, అంటే తిన్న మేత. రెండోది ఎముక. మేతలోది మీకందరికీ తెలుసు, బస్తా మీద రాసి ఉంటుంది. ఎముక సంగతి చూపిద్దామనే ఇవి తెచ్చాను.

ఈ స్టీలు ప్లేటు ముందు వరస నుంచి వెనక్కి పంపించండి. ఇందులో మూడు తొడ ఎముకలున్నాయి. నిలువుగా చీల్చి, ఎండబెట్టి తెచ్చాను. భయపడకండి, వాసన రాదు. మొదటిది, ఎర్ర దారం కట్టింది, పదిహేను వారాల పిల్లది. లోపల చూడండి, గొట్టంలా నున్నగా ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు అందులో మూలుగ ఉండేది, ఇప్పుడు ఖాళీ. రెండోది, పచ్చ దారంది, పంతొమ్మిది వారాలది, రెండు గుడ్లు పెట్టి చచ్చిపోయింది. దాని లోపల వేలు పెట్టి తడమండి. గరుకుగా తగులుతుంది. కొబ్బరి పీచు ముక్కలకి సున్నం అద్ది గొట్టంలో కూరినట్టు, సన్నటి సూదుల్లాంటి ఎముక అల్లుకుని ఉంటుంది. నాలుగు వారాల తేడా. బయట గోడ చూస్తే రెండింటికీ ఒకటే. లోపల మాత్రం ఒకటి ఖాళీ గది, రెండోది గోడౌను.

ఈ లోపలి ఎముకని మెడుల్లరీ బోన్ అంటారు. తెలుగులో మూలుగ ఎముక అనుకుందాం. 1930ల్లో పావురాల్లో చూసి దీని సంగతి రాశారు. ఇది కోడి బరువు మొయ్యడానికి పెద్దగా పనికిరాదు. పెంకు కోసం పెట్టుకున్న నిల్వ సరుకు, అంతే. మగ పక్షిలో ఉండదు. ఆడపక్షిలో కూడా గుడ్డు కాలంలో తప్ప ఉండదు. తొలి గుడ్డుకి పది నుంచి పద్నాలుగు రోజుల ముందు, అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను రావడం మొదలవగానే ఇది పుడుతుంది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. 2005లో మేరీ ష్వైట్జర్ అనే శాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసినవాళ్లూ కలిసి అమెరికాలోని మోంటానాలో దొరికిన టైరనోసారస్ రాక్షసబల్లి తొడ ఎముకలో ఇలాంటి అల్లికే చూశామని ప్రకటించారు. దాన్ని బట్టి, ఆరు కోట్ల ఎనభై లక్షల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఆ జంతువు ఆడదని, గుడ్లు పెట్టే దశలో ఉందని చెప్పారు. మీ షెడ్డులో ఉన్నది అంత పాత ఏర్పాటు. మనం బస్తాలు మిగిలాయని దాంతో బేరమాడుతున్నాం.

ఇప్పుడు మూడో ఎముక చూడండి, దారం లేనిది. డెబ్బై వారాల కోడిది. లోపల అల్లిక బాగానే ఉంది కదా? ఇప్పుడు బయటి గోడని బొటనవేలి గోరుతో నొక్కండి. మెల్లిగా... అదిగో, ఎవరో పటుక్కుమనిపించారు. పర్వాలేదు, అందుకే తెచ్చాను. గోడ పలచబడిపోయింది.

ఇది ఎందుకయిందో ఒక్క నిమిషం ఓపిగ్గా వినండి, మిగతాదంతా దీని మీదే ఉంది. ఎముక కట్టే కణాలు ఉంటాయి, మన తాపీ మేస్త్రీల్లాంటివి. పిల్లగా ఉన్నన్నాళ్లు ఆ మేస్త్రీలు గోడలు కడతారు. పన్నెండు పదమూడు వారాలకల్లా అస్థిపంజరం చాలా వరకు తన సైజుకి వచ్చేస్తుంది. ఈస్ట్రోజెన్ వచ్చిన రోజు నుంచి ఆ మేస్త్రీలందరినీ గోడ పని మాన్పించి గోడౌను నింపే పనిలో పెడుతుంది ఒళ్లు. కూల్చే కణాలు వేరే ఉంటాయి. వాటికి కాల్షియం కావాలి, అది గోడలోదా గోడౌనులోదా అని చూడవు. అందినచోటల్లా గీకుతాయి. గోడౌనులో గీకింది మర్నాడు మళ్లీ నిండుతుంది. గోడలో గీకింది, ఆ కోడి గుడ్లు పెడుతున్నంత కాలం నిండదు. మేస్త్రీ రాడు కదా.

గోడౌను ఎంత నిండుగా ఉంటే గోడ జోలికి వెళ్లడం అంత తగ్గుతుంది. తొలి గుడ్డు నాటికి గోడౌను ఖాళీగా ఉన్న కోడి మొదటి రోజు నుంచే గోడ తింటుంది. ఇరవై మూడు వారాలకే కాళ్లు పడిపోవడం అంటే అదే. బోనుల్లో పెంచడం మొదలయ్యాక 1955లో కౌచ్ అనే ఆయన అమెరికాలో దీని గురించి రాశాడు. కేజ్ లేయర్ ఫటీగ్ అన్న పేరు అలా వచ్చింది. ఫటీగ్ అంటే అలసట. అది అలసట కాదండీ, చాలాసార్లు వెన్నుపూస చితికి నరం నొక్కుకుపోయి ఉంటుంది. పేరు పెట్టినప్పుడు కొంచెం మర్యాదగా పెట్టారు.

సరే, అయితే ముందు నుంచే కాల్షియం దట్టించేస్తే పోలా? ఈ తెలివి నాకూ వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నూజివీడు వైపు ఒక రైతుకి, పన్నెండో వారం నుంచే లేయర్ మేత పెట్టేయండి, ముందే నింపేద్దాం అని చెప్పాను. ఆయన నన్ను నమ్మాడు. రెండు మూడు వారాలకి రోజుకొకటి రెండు చావడం మొదలైంది. రెట్ట నీళ్లలా ఉంది. నేనే పోస్టుమార్టం చేశాను. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం వెల్ల వేసినట్టు తెల్లటి పొర. మూత్రపిండాలు ఉబ్బి, వాటి గొట్టాల్లో తెల్లటి గసి. ఆ తెల్లది సున్నం కాదు, యూరిక్ ఆమ్లపు లవణాలు. గౌట్. గుడ్డు పెట్టని పిల్లకి మూడు నాలుగు శాతం కాల్షియం పెడితే ఖర్చుకి చోటు లేదు. అదంతా మూత్రపిండాల మీద పడుతుంది. అవి దెబ్బతింటే యూరిక్ ఆమ్లం బయటికి పోదు. నీళ్లు తక్కువైనా, బ్రాంకైటిస్ లాంటి వైరస్ జబ్బు తోడైనా ఇంకా త్వరగా కొంప మునుగుతుంది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినట్టే చేశాను కదండీ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి మెట్లు మెట్లుగా ఎక్కాలి. పెరిగే పిల్లకి మేతలో ఒక శాతం దగ్గర కాల్షియం చాలు. పదహారో వారం చుట్టుపక్కల నుంచి తొలి గుడ్లు కనపడేదాకా రెండు, రెండున్నర శాతం. దీన్నే ప్రీ లేయర్ మేత అంటున్నాం. గుడ్లు మొదలవగానే మూడున్నర పైన, గుడ్లు బాగా ఎక్కువగా వచ్చే దశలో, అంటే పీక్‌లో నాలుగు దాకా. మీరు పెంచే జాతికి కంపెనీ వాళ్లు పుస్తకం ఇస్తారు, అందులో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, దాన్నే పాటించండి. నేను చెప్పేది మెట్లు ఎందుకున్నాయో అన్నది.

చాలామంది ఆ మధ్య మెట్టు ఎగ్గొడతారు. పది రోజులకి వేరే మేత కలపడం దండగని. ఆవిడ పదిహేను బస్తాల లెక్కకి వద్దాం. పద్దెనిమిది వారాల పిల్ల రోజుకి 80 గ్రాములు తింటుంది అనుకోండి. గ్రోయర్ మేతలో కాల్షియం ఒక శాతం. అంటే 0.8 గ్రాము. అదీ అంతా ఒంటికి పట్టదు. తొలి గుడ్డు చిన్నదే, అయినా పెంకుకి ఒకటిన్నర గ్రాము పైనే కావాలి. వచ్చేది అర గ్రాము, పోయేది ఒకటిన్నర. ఒక వారం ఇలా నడిస్తే ఏమవుతుందో మీకే తెలుసు. షాపు వాళ్లు కూడా ఉన్నారుగా ఇక్కడ, వాళ్లనడగండి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మనం ఐదు శాతం గుడ్లు వచ్చాక మేత మారుద్దాం అంటాం. ఐదువేల కోళ్లలో ఐదు శాతం అంటే 250 కోళ్లు. ఏ 250? బరువు ముందు పట్టినవి, తురాయి ముందు ఎర్రబడినవి, ఒంట్లో సత్తువ ఉన్నవి. క్లాసులో ఫస్టు వచ్చే పిల్లల్లాంటివి. వాటి గోడౌను వారం కిందటే నిండాలి. మనం వెనకబెంచీ వాటి కోసం ఆగితే, ముందు పడిపోయేది ఆ ముందు బెంచీవే. అందుకే బ్యాచ్ అంతా ఒకే బరువులో ఉండటం గురించి ఇంత గొడవ. వంద కోళ్లని తూచితే ఎనభై అయినా సగటుకి పది శాతం అటూ ఇటూ లోపల ఉండాలి. అలా లేని బ్యాచ్‌కి ఏ రోజు మేత మార్చినా కొన్నిటికి ముందవుతుంది, కొన్నిటికి ఆలస్యమవుతుంది. తూకం మిషను కొనమంటే ఫ్యాన్ కొన్నవాళ్లని చూశాను నేను.

గుడ్డు కోసం ఆగకుండా కోడిని చూడండి. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే రెక్కలు కొంచెం విప్పి అణిగి కూర్చుంటుందా? తురాయి ఎర్రగా, మెరుస్తూ ఉందా? వెనక రెండు కటి ఎముకల మధ్య రెండు వేళ్లు పడుతున్నాయా? ఈ మూడూ ఉంటే ఈస్ట్రోజెన్ వచ్చేసినట్టే. లోపల మేస్త్రీలు చేతులు కడుక్కుని సరుకు కోసం ఎదురు చూస్తున్నారు. లైటు గంటలు పెరిగితే కోడి గుడ్లకి వస్తుంది కాబట్టి లైటు కూడా అప్పుడే పెంచాలి. బరువు రాకముందే లైటు గంటలు పెంచితే పిల్లకి పెళ్లి చేసినట్టే, ఇల్లు కట్టకుండా.

ఇక రాత్రి సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం, కొంచెం సేపు తీసుకుంటాను.

పొద్దున ఎనిమిదింటికి కోడి గుడ్డు పెట్టిందనుకోండి. అరగంటకి తర్వాతి పచ్చసొన అండాశయం నుంచి జారుతుంది. తెల్లసొన చుట్టుకోవడానికి సుమారు మూడు గంటలు, పైన సన్నటి పొరలకి ఇంకో గంట పైన. మధ్యాహ్నం ఒంటిగంటకి పెంకు కట్టే సంచిలోకి వస్తుంది. అక్కడ మొదట నాలుగైదు గంటలు నీళ్లు పీల్చుకుని నిండుగా తయారవుతుంది, పెంకు పని నెమ్మదిగా ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి తెల్లారగట్ల నాలుగైదు దాకా అసలు పని. మీరు ఎనిమిదింటికి లైటు ఆర్పేసి ఇంటికెళ్లి భోంచేసి పడుకుంటారు. అదే సమయానికి ఆ చీకట్లో వేల సంచుల్లో రాయి తయారవుతోంది. మేత తొట్టి ఖాళీ, కోడికి చీకట్లో కనపడదు. కడుపులో ఏముందో దాంతోనే నడవాలి. అదీ అయిపోతే ఎముక. పెంకులో మూడో వంతు దాకా కాల్షియం ఎముక నుంచే వచ్చే రాత్రులు ఉంటాయి.

ఇక్కడ గ్రిట్, అంటే పలుకులుగా ఉండే సున్నపురాయి, గుల్ల ముక్కల సైజు పనికొస్తుంది. పిండిలా మెత్తగా ఉన్న సున్నపురాయి పొడి కందనకాయలో నిలవదు, రెండు మూడు గంటల్లో జారిపోతుంది. సాయంత్రం తిన్న పొడి పెంకు పని ఊపందుకునేసరికి సగం దాటిపోయి ఉంటుంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల రాయి ముక్క, గుల్ల ముక్క అయితే కందనకాయలో కూర్చుని రాత్రంతా కొంచెం కొంచెం కరుగుతుంది. బీపీ మాత్రల్లో నెమ్మదిగా కరిగే రకం ఉంటుంది చూడండి, అలా. ప్రీ లేయర్ దశలో సగం పొడి, సగం గ్రిట్‌తో మొదలుపెట్టి, వయసు పెరిగేకొద్దీ గ్రిట్ పాలు మూడింట రెండొంతులకి తీసుకెళ్లండి. ఒక్కసారిగా గ్రిట్ పోస్తే పిల్లలు దాన్ని ఏరి పక్కన పడేస్తాయి.

కోడికి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు. గ్రిట్ విడిగా పెట్టి చూడండి, గుడ్డు పెట్టే కోడి దాన్ని ఎక్కువగా సాయంత్రమే తింటుంది. అందుకే నేను ఏ ఫారానికి వెళ్లినా సాయంత్రం ఆరింటికే వెళ్తాను. వెళ్లి తొట్టిలో చెయ్యి పెడతాను. అడుగున మెత్తటి దుమ్ము ఒక్కటే మిగిలి, గ్రిట్ పలుకు వేలికి తగలకపోతే ఆ ఫారం ట్రేలు చూడక్కర్లేదు. డ్యామేజీ గుడ్లు ఎన్నో నాకు అర్థమైపోతుంది. ఒకచోట ఇలాగే చెయ్యి పెడితే ఓనరు గారు నవ్వి, ఏంటండీ డాక్టరు గారూ, తొట్టిలో ఉంగరం పడిపోయిందా అన్నాడు. రోజు మేతలో సగానికి పైగా మధ్యాహ్నం తర్వాత పడేలా చూసుకోండి, ఉంగరాలు దొరుకుతాయి.

సున్నపురాయి అంటే మనకి పక్కనే పిడుగురాళ్ల ఉంది. ఇక్కడ ఒక మాట. బట్టీలో కాల్చిన సున్నం వేరు, రాయి వేరు. కాల్చింది ఘాటు. గోడకి పనికొస్తుంది, కోడి నోటికి కాదు. మేతలో వేసేది కాల్చని రాయి. అందులోనూ మెగ్నీషియం ఎక్కువున్న డోలమైటు రాయి వద్దు, రెట్ట పలచనవుతుంది, పెంకు పాడవుతుంది. చవగ్గా వచ్చిందని లోడు దించుకునే ముందు ఒక్కసారి ల్యాబులో కాల్షియం, మెగ్నీషియం చూపించుకోండి. ఇంట్లో జల్లెడ ఉంటే సైజు మీరే చూసుకోవచ్చు.

ఫాస్ఫరస్ గురించి రెండు ముక్కలు. ఎముకలో కాల్షియం ఒంటరిగా ఉండదు, ఫాస్ఫేటుతో కలిసి ఉంటుంది. రాత్రి కాల్షియం కోసం ఎముకని కరిగిస్తే ఫాస్ఫరస్ కూడా విడుదలవుతుంది. పెంకుకి అది అక్కర్లేదు, రెట్టలో పోతుంది. మర్నాడు గోడౌను నింపాలంటే మళ్లీ ఫాస్ఫరస్ కావాలి. కాబట్టి గ్రిట్ ఎంత పోసినా డీసీపీలో, అంటే మేతలో కలిపే డైకాల్షియం ఫాస్ఫేటులో, కక్కుర్తి పడితే ఎముక నిండదు. మొక్కజొన్న, సోయా, తవుడులో ఉన్న ఫాస్ఫరస్‌లో మూడింట రెండొంతుల దాకా ఫైటేటు రూపంలో తాళం వేసి ఉంటుంది. కోడి దగ్గర ఆ తాళంచెవి పెద్దగా లేదు. 1990ల నుంచి బజార్లోకి వచ్చిన ఫైటేజ్ ఎంజైము ఆ తాళంచెవి. అది వాడేవాళ్లు డీసీపీ ఎంత తగ్గించాలో లెక్క వేసి తగ్గించండి, కళ్లు మూసుకుని కాదు.

విటమిన్ డి3 లేకపోతే ఇదంతా వృథా. పేగు గోడలో కాల్షియంని లోపలికి లాక్కునే ప్రొటీను దాని చలవే. డి3 కాలేయంలో ఒకసారి, మూత్రపిండంలో ఒకసారి మారాకే పనిచేస్తుంది. మూత్రపిండం అన్నాను చూశారా, నా నూజివీడు కథ గుర్తు చేసుకోండి. అక్కడ దెబ్బతిన్న పిల్ల తర్వాత బతికినా మంచి లేయర్ కాదు. పక్షులకి డి2 దాదాపు పనిచెయ్యదు, డి3యే కావాలి. విటమిన్లు కలిపి ఉండే ప్రీమిక్స్ బస్తాలు మేలో రేకుల షెడ్డు కింద పెట్టి, సెప్టెంబరులో వాడి, పెంకు రాలేదని నన్నడగొద్దు.

మే అన్నాను కాబట్టి ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన షెడ్లలో పెంకులు పగులుతాయి. కాల్షియం అంతా సరిగ్గా ఉన్నా పగులుతాయి. ఎందుకంటే పెంకు కాల్షియం కార్బొనేటు. కాల్షియం మేత నుంచి వస్తుంది, కార్బొనేటు రక్తంలో ఉన్న కార్బన్ డయాక్సైడు నుంచి వస్తుంది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడల్లా ఆ గ్యాసు బయటికి పోతుంది. గోలీ సోడా కొట్టి గంటసేపు వదిలేస్తే ఏముంటుంది? తీపి నీళ్లు. అలాంటి రక్తంతో పెంకు కట్టాలి పాపం. దానికి తోడు ఎండకి మేత మానేస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక మేత వెయ్యడం, చల్లటి నీళ్లు, మేతలో ఉప్పు కొంత తగ్గించి ఆ మేరకు వంట సోడా కలపడం, వీటి వల్ల కొంత నయం. నడివేసవిలో పీక్‌కి వచ్చేలా పిల్లల్ని దించుకోకుండా ఉంటే ఇంకా నయం. కానీ రేటు చూసి దించుకుంటారు, నాకు తెలుసు.

నాటుకోడి గురించి చెప్పి ఆపుతాను. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పెట్టలు వెల్ల వేసిన గోడ మూలని ముక్కుతో గీకేవి. అమ్మమ్మ కర్ర పుచ్చుకుని తోలేది. ఆ గోడ మూల ఎప్పుడూ గుంటపడే ఉండేది. ఆ గుంట ఎందుకో నాకు వెటర్నరీ కాలేజీలో మూడో ఏడాది దాకా అర్థం కాలేదు. నాటుపెట్ట పదో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుడుకి కూర్చుంటుంది. అప్పుడు గుడ్డు ఆగుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, గోడౌను కరుగుతుంది, మేస్త్రీలు మళ్లీ గోడ పనికి వస్తారు. అంటే అది ప్రతి విడతా ఇల్లు బాగు చేయించుకుంటుంది. మన లేయర్‌కి పొదుగుడు లేకుండా చేశాం. ఏడాది పైన సెలవు లేని ఉద్యోగం. అందుకే పదహారు పదిహేడు వారాల్లో దాని గోడ, గోడౌను ఎలా ఉన్నాయన్నది ఇంత ముఖ్యమైంది.

ఏమైనా అడుగుతారా?

(కాళ్లు పడిపోయినవన్నీ కాల్షియం వల్లేనా అని ఒకరు అడిగారు.)

కాదు బాబూ. ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి చాపి పడుకుంటే, వయసు ఇంకా తక్కువైతే మారెక్స్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. కాల్షియం కేసులో కోడి హుషారుగా ఉంటుంది, మేత తింటుంది, చాలాసార్లు లోపల గుడ్డు ఉంటుంది. చచ్చిపోతే తొడ ఎముక విరిచి చూడండి. పటుక్కుమనకుండా వంగితే, లోపల అల్లిక లేకపోతే అదే. మీ పక్కనున్న గన్నవరం కాలేజీ పిల్లలు విరిచి చూపిస్తారు, వాళ్లకీ ప్రాక్టికల్ అవుతుంది.

(ఇరవై గ్రామప్రియ కోళ్లు పెంచుకుంటున్న ఒకావిడ, గుడ్డు పెంకులే తిరిగి పెట్టొచ్చా అని అడిగారు.)

పెట్టొచ్చమ్మా. కడిగి, పెనం మీద బాగా వేయించి, నలిపి పెట్టండి. పెంకు ఆకారం తెలియకూడదు. తెలిస్తే అవి తమ గుడ్లనే పొడుచుకు తినడం నేర్చుకుంటాయి. అది నేర్చుకున్నాక మాన్పించడం మావల్ల కూడా కాదు.

(పొద్దున ఫోన్ చేసినావిడకి ఏం చెప్పారని వెనక నుంచి ఎవరో అడిగారు.)

పడిపోయినదాన్ని బోనులోంచి తీసి, వరిపొట్టు పరిచిన నేల మీద పెట్టమన్నాను. మిగతావి తొక్కకుండా, నీళ్లు, మేత, గ్రిట్ మూతికి అందేలా. వెన్నుపూస విరక్కపోతే వారంలోపు చాలావరకు లేస్తాయి. మిగిలిన బ్యాచ్‌కి ఇవాళ సాయంత్రం నుంచే మేత మీద గ్రిట్ చల్లమన్నాను. ఆ పదిహేను బస్తాల్లో ఇంకా ఏమన్నా మిగిలాయా అంటే, మూడు ఉన్నాయండీ అంది. తర్వాతి బ్యాచ్ పిల్లలకి దాచమ్మా, పాడవకపోతే అన్నాను.

ప్లేటు వచ్చిందా? ఇందులో రెండే ఉన్నాయి. పచ్చ దారం కట్టింది లేదు. ఎవరి దగ్గరుందో చూసుకుని టీకి వెళ్లే ముందు ఇచ్చేయండి. పంతొమ్మిది వారాలది మళ్లీ దొరకాలంటే ఎవరి కోడో చావాలి.